ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

పెళ్లి పనులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవే. రాసినవాళ్లలో ఎక్కువమంది పెళ్లి చేసుకోబోయే జంటలే. పెద్దవాళ్లకు తెలిసిన పనులే అయినా, మనసులో ఉన్న లెక్క కాగితం మీదికి రాకపోతే పెళ్లినాడు ఎవరో ఒకరు పరుగులు పెట్టాల్సి వస్తుంది. అందుకని జవాబుల్లో వీలైనచోటల్లా నిమిషాలు, కిలోలు, లీటర్లు ఇస్తున్నాం.

మా ఇద్దరికీ బెంగళూరులో ఉద్యోగాలు. పెళ్లి కావలిలో, ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 48 నిమిషాలకు. ముందురోజు సాయంత్రం అదే మండపంలో రిసెప్షన్. అలంకరణ ఎప్పుడు మొదలుపెట్టాలో, అసలు నిద్ర ఉంటుందో లేదో తెలియడం లేదు. ఇంకొకటి, ఫోన్‌లో పంచాంగం చూస్తే అయ్యవారు చెప్పినదానికీ దానికీ తేడా వస్తావుంది. దేన్ని నమ్మాలి? – ఓ పాఠకురాలు, కావలి

ముందు ఆ తేడా సంగతి. లగ్నం ఊరిని బట్టి మారుతుంది. భూమి ఒక్కో రేఖాంశం తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. బెంగళూరు దాదాపు 77.6 డిగ్రీల దగ్గర, కావలి దాదాపు 80 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అంటే కావలిలో లగ్నం సుమారు పది నిమిషాలు ముందే వస్తుంది. మీ ఫోన్ యాప్‌లో ఊరు బెంగళూరు అని ఉండిపోయి ఉంటుంది. దాన్ని కావలికి మార్చి చూడండి. అప్పటికీ తేడా ఉంటే అయ్యవారు చెప్పినదే ముహూర్తం. పెళ్లినాడు అందరూ ఒకే గడియారం చూసుకోవాలి. అయ్యవారి చేతి గడియారాన్ని సాయంత్రమే ఫోన్ టైముతో సరిచూసుకోమని మర్యాదగా అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

మన పెళ్లిళ్లలో ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తాళి కట్టేది కాదు. లెక్క అక్కడి నుంచి వెనక్కి నడవాలి. 4.48కి జీలకర్ర బెల్లం అంటే, మహాసంకల్పం, ప్రవరలు, కన్యాదానం దానికి ముందే జరిపే పద్ధతి మీ ఇళ్లలో ఉంటే 4 గంటల కల్లా అమ్మాయి గౌరీపూజ ముగిసి ఉండాలి. పూజకు అరగంట. అంటే 3.30కి చీర, నగలు, జడ అన్నీ పూర్తయి ఆమె పూజ దగ్గర కూర్చోవాలి. పూలజడతో కలిపి అలంకరణకు తక్కువలో తక్కువ గంటన్నర. స్నానం, ఆరబెట్టుకోవడం అరగంట. 1.30కి లేవక తప్పదు. అబ్బాయి వైపు స్నాతకం, కాశీయాత్ర కలిపి గంట, కాబట్టి అతను 2.30కి తయారై ఉంటే 3.45కి వరపూజకు పీటల మీదికి వస్తాడు. మీ ఇళ్లలో కన్యాదానం జీలకర్ర బెల్లం తర్వాత చేస్తే ఒక ఇరవై నిమిషాలు కలిసొస్తాయి. వరస ఏమిటో వారం ముందే అయ్యవారిని అడిగి రాసుకోండి.

ఇప్పుడు రిసెప్షన్ చూడండి. స్టేజీ మీదికి ఒక్కో కుటుంబం వచ్చి, అక్షింతలు వేసి, ఫోటో దిగి వెళ్లడానికి 45 సెకన్లు అనుకుందాం. 200 కుటుంబాలకు రెండున్నర గంటలు. 6.30కి మొదలైతే 9కి అవుతుంది. 7.30కి మొదలైతే పది దాటుతుంది, ఆ తర్వాత నగలు తీసి, జుట్టు విప్పి, అన్నం తినేసరికి పన్నెండు. మిగిలేది గంటన్నర నిద్ర. ముహూర్తం వేళకు అమ్మాయి కళ్లు వాచి ఉండటానికి, హోమం పొగలో తల తిరగడానికి అసలు కారణం ఇదే. అందుకే స్టేజీ 6.30కే తెరవండి, 9.15కి మూసేయండి. ఫోటోగ్రాఫర్‌కు ఒక్కో కుటుంబానికి ఒకే ఫోటో అని ముందే చెప్పండి. దగ్గరివాళ్లతో తీరిగ్గా దిగేవి పొద్దున తాళి కట్టాక దిగవచ్చు, అప్పటికి వెలుతురు కూడా బాగుంటుంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది జుట్టు. రిసెప్షన్‌కు స్ప్రే కొట్టి కట్టిన జుట్టును రాత్రి ఒంటిగంటన్నరకు తలంటి ఆరబెట్టడం కష్టం. తడి జుట్టు మీద పూలజడ నిలవదు, బరువుకు జారిపోతుంది. కాబట్టి అసలు తలంటు ముందురోజు పొద్దున పెళ్లికూతుర్ని చేసేటప్పుడే కానిచ్చి, రాత్రి మంగళస్నానానికి మాడుకు కాస్త నూనె పెట్టి ఒంటికి మాత్రం స్నానం చేయిస్తే సరిపోతుందేమో ఇంట్లో పెద్దముత్తయిదువల్ని అడగండి. చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు. రిసెప్షన్‌కు జుట్టు వదులుగా అల్లించుకుని, స్ప్రే తక్కువ వాడించుకుంటే పని ఇంకా సులువు.

జీలకర్ర బెల్లం ముందురోజే నూరిపెట్టకండి. కావలి సముద్రగాలికి బెల్లం చెమ్మ పట్టి కారుతుంది, తమలపాకు మీద నిలవదు. ముహూర్తానికి గంట ముందు నూరితే ముద్దగా ఉంటుంది. గోరింటాకు రెండు రోజుల ముందు పెట్టుకోండి, తీసేశాక ఎనిమిది గంటలైనా నీళ్లు తగలనివ్వకండి. రంగు ఎర్రబడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. గంటలో నల్లగా పండుతుందని చెప్పే నల్ల గోరింటాకు జోలికి మాత్రం పోవద్దు. జుట్టుకు వేసే రంగులోని రసాయనం దాంట్లో కలుపుతారు, చేతులు బొబ్బలెక్కుతాయి.

పెళ్లి మా ఊళ్లోనే, పొదిలి దగ్గర. మధ్యాహ్న భోజనాలు 600 మందికి అనుకున్నాం. వంటమాస్టర్ ఇచ్చిన సరుకుల చిట్టా చూస్తే భయమేస్తోంది. తగ్గిస్తే చాలవని నాన్న, ఇంత ఎందుకని నేను. అసలు లెక్క ఎట్లా వేయాలి? – ఓ పాఠకుడు, పొదిలి

చిట్టా కంటే ముందు ఆ 600 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. శుభలేఖలు లెక్కపెట్టి రెండుతో గుణించడం పట్టణంలో సరిపోవచ్చు. పల్లెలో ఇంటిల్లిపాదినీ పిలుస్తారు. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్లు, ఇంటికి ఇద్దరు వచ్చేవాళ్లు, ముఖం చూపించి వెళ్లేవాళ్లు. ఒక్కో ఇంటిపేరు ఎదురుగా అంకె వేయండి, కూడండి. మేళగాళ్లు, డ్రైవర్లు, వడ్డనవాళ్లు, లైటింగ్ పనివాళ్లు కలిపి 30–40 మంది ఉంటారు, వాళ్లను కలపడం ఎవరికీ గుర్తుండదు. చివరికి వచ్చిన మొత్తానికి నూటికి ఐదు మాత్రమే చేర్చండి. నాన్న పది, మామ పది, వంటమాస్టర్ పది చేర్చబట్టే సాయంత్రానికి గుండిగల్లో అన్నం మిగిలిపోతుంది.

600 మందికి, పులిహోర కూడా ఉందనుకుంటే, తెల్ల అన్నానికి తలకు 100 గ్రాముల బియ్యం చొప్పున 60 కిలోలు, పులిహోరకు 30 గ్రాముల చొప్పున 18 కిలోలు. ఇప్పుడు షాపుల్లో దొరికే 26 కిలోల బస్తాలు మూడు సరిగ్గా సరిపోతాయి. పులిహోర లేకపోతే తలకు 120 గ్రాములు వేసుకోండి. బియ్యం బీపీటీ అయినా, ఇంకేదైనా, కనీసం ఆరు నెలల పాతవి కావాలి. కొత్త బియ్యం నీళ్లు తక్కువ పీల్చి ముద్దవుతాయి, అన్నం ఒదగదు. బస్తా మీద మాట నమ్మకుండా ముందుగా ఒక కిలో ఇంటికి తెచ్చి వండి చూడండి.

కందిపప్పు పప్పులోకి తలకు 25 గ్రాముల చొప్పున 15 కిలోలు, సాంబారుకు 6–7 కిలోలు. నెయ్యి తలకు 10 గ్రాములు అంటే 6 కిలోలు. గుత్తివంకాయ ఆకుకు రెండు చొప్పున 1200 కాయలు. కిలోకు పాతిక తూగే చిన్నకాయలైతే 48 కిలోలు, పుచ్చులు పోను 52 తీసుకోండి. బెండకాయ వేపుడు బాణలిలో బాగా తగ్గిపోతుంది, తలకు 70 గ్రాములైనా లేకపోతే చివరి బంతికి అందదు, అంటే 42 కిలోలు. పెరుగు తలకు 100 మిల్లీలీటర్లు, 60 లీటర్లు. ఆవకాయ 5 కిలోలు. అప్పడాలు 900, ఎందుకంటే చిన్నపిల్లలు రెండేసి అడుగుతారు. తీపి లెక్కపెట్టి వడ్డించేది కాబట్టి 600కి 640 చాలు. మలాయ్ కాజా పెడుతుంటే ముందురోజు రాత్రి తెప్పించండి, పాకంలో ఎండలో పెట్టి వదిలేయకండి. అరిటాకులు మాత్రం నూటికి పది ఎక్కువ తీసుకోండి, చిరిగినవి చాలా వస్తాయి.

చిట్టాలో ఉండనిది నీళ్ల లెక్క. మీ వైపు దాని మీదే శ్రద్ధ ఎక్కువ పెట్టాలి. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది మీకు తెలిసిందే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. పైగా ఉప్పునీటిలో, గట్టినీటిలో కందిపప్పు గంటలకొద్దీ ఉడకదు. వంటమాస్టర్ సోడా వేస్తాడు, పప్పు రంగు, రుచి రెండూ పాడవుతాయి. పప్పు ఆలస్యమైతే సాంబారు ఆలస్యం, మొదటి బంతి ఆలస్యం. వంటకూ తాగడానికీ శుద్ధి చేసిన నీళ్లే తెప్పించండి. అన్నానికి 180 లీటర్లు, పప్పు, సాంబారు, చారుకు 150. తాగడానికి ఎండాకాలం మనిషికి 750 మిల్లీలీటర్లు, అంటే 450. మొత్తం 780 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు 39. నలభై ఐదు చెప్పండి. గిన్నెలు, చేతులు కడగడానికి వేరే ట్యాంకరు పెట్టండి. క్యాన్లు ముందురోజు సాయంత్రానికే దిగాలి, పొద్దున్నే వస్తాయన్న మాట మీద ఆధారపడొద్దు.

గ్యాస్ పొయ్యి పెద్దదైతే గంటకు కిలో నుంచి కిలోన్నర తాగుతుంది. ఐదు పొయ్యిలు ఐదు గంటలు వెలిగితే 25 నుంచి 37 కిలోలు. 19 కిలోల వ్యాపార సిలిండర్లు రెండు ఖాళీ అవుతాయి, మూడోది, వీలైతే నాలుగోది పక్కన ఉండాలి. ఇంట్లో వాడే ఎర్ర సిలిండర్లు వాడటం చట్టప్రకారం తప్పు. ఒకే సిలిండర్ నుంచి ఎక్కువ పొయ్యిలు పెడితే అది చల్లబడి మంచు పట్టి మంట తగ్గిపోతుంది. చాలామంది అప్పుడు గ్యాస్ అయిపోయిందనుకుంటారు.

మిగిలిన అన్నం గురించి కూడా ముందే అనుకోండి. వేడి అన్నం గుట్టగా మూత పెట్టి ఉంచితే ఎండాకాలం నాలుగైదు గంటల్లో పులుపెక్కుతుంది. చివరి బంతి కూర్చున్నప్పుడే మిగిలేదెంతో తెలిసిపోతుంది. దాన్ని ఎవరికి పంపాలో, ఏ బండిలో పంపాలో ఒక మనిషికి అప్పజెప్పి ఉంచితే వేడిగా ఉన్నప్పుడే చేరుతుంది.

బంతి భోజనాలా, బఫేనా? మా అత్తగారివాళ్లు ఆకు వేయాల్సిందే అంటున్నారు. హాల్లో 150 మంది పడతారు, వచ్చేది 800. – ఓ పాఠకురాలు, ఒంగోలు

800ని 150తో భాగిస్తే ఆరు బంతులు. బంతికి తినడానికి 30 నిమిషాలు, ఆకులు తీసి తుడిచి మళ్లీ వేయడానికి 10. నాలుగు గంటలు. పదకొండుకు మొదటి బంతి వేస్తే మూడింటికి చివరి బంతి లేస్తుంది. దూరం వెళ్లాల్సినవాళ్లు, షుగరు ఉన్న పెద్దవాళ్లు అంతసేపు ఆగలేరు. మధ్యేమార్గంగా ఆకు ఉంచుకుని, మేడమీదో పక్కనో ఒక చిన్న బఫే పెట్టండి. కుర్రవాళ్లు, ఆఫీసువాళ్లు 300 మంది అటు వెళితే బంతులు నాలుగుకు తగ్గుతాయి. ఇరవైమంది కూర్చునే ఒక వరస మాత్రం పెద్దవాళ్లకని మొదటి బంతిలోనే అట్టిపెట్టండి. వడ్డనకు 25 మందికి ఇద్దరు చొప్పున మనుషులు లేకపోతే 30 నిమిషాల బంతి 50 అవుతుంది. ఆకు భోజనం మీద చెడ్డపేరు ఎప్పుడూ అక్కడే వస్తుంది.

పొద్దున టిఫిన్‌లో నెల్లూరు కారం దోశ పెట్టాలని ఇంకో ఇద్దరు రాశారు. వేడిగా పెట్టాల్సిన వస్తువు, ముందే వేసి పెట్టలేరు. ఒక పెద్ద పెనం మీద ఒకసారి ఎనిమిది దోశలు, ఐదు నిమిషాలకు ఒక వాయి, గంటకు 96. 300 మంది గంటన్నరలో తినాలంటే మూడు పెనాలు కావాలి. రెండే ఉంటే ఇడ్లీ, పొంగలి కూడా పెట్టి దోశను ఒకటికి పరిమితం చేయండి.

కార్తీకంలో పెళ్లి, మైపాడు రోడ్డులో ఆరుబయట చేసుకోవాలని మా ఇద్దరికీ ఆశ. ఇంట్లోవాళ్లు వానలని వద్దంటున్నారు. ఏమైనా ఏర్పాటు ఉందా? – ఓ పాఠకుడు, నెల్లూరు

ఇంట్లోవాళ్ల మాటలో బలముంది. నెల్లూరుకు ఏడాది వానలో పెద్దభాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. సరిగ్గా కార్తీక, మార్గశిర ముహూర్తాలు అప్పుడే. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కొట్టుకుపోయాయి, హైవే మీద బళ్లు నిలిచిపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కూడా రైళ్లు రద్దయ్యాయి. అంటే పందిరి తడవడం చిన్న సమస్యే, చుట్టాలు ఊరు చేరలేకపోవడం పెద్దది.

అయినా ఆరుబయటే అనుకుంటే, అదే ఆవరణలో పైకప్పు ఉన్న హాలు ఒకటి తప్పకుండా ఉన్న స్థలమే తీసుకోండి. ముహూర్తం పీటలు, హోమం హాల్లో, రిసెప్షన్ బయట అని విడదీస్తే మీ ఆశ కొంత తీరుతుంది, పెళ్లి ఆగదు. బయటి పందిరికి గుడ్డ షామియానా పనికిరాదు, వాన నీళ్లు మధ్యలో బొజ్జలా నిలిచి ఒక్కసారి కూలుతుంది. వాలుగా వేసిన ఇనుపరేకుల పందిరి అడగండి. స్తంభాలు నేలలో దిగేసి తాళ్లతో బిగించాలి, పలకల మీద ఊరికే నిలబెట్టినవి సముద్రగాలికి ఆగవు. స్టేజీ అడుగున్నర ఎత్తు. కరెంటు వైర్లు నేలమీద కార్పెట్ కింద వేయనివ్వకండి, తలపైన లాగాలి. బోర్డులో 30 మిల్లీఆంప్స్ లీకేజీ బ్రేకర్ ఉందా అని ఎలక్ట్రీషియన్‌ను చూపించమనండి, లేకపోతే పెట్టించండి. తడినేల మీద చెప్పుల్లేకుండా తిరిగే చోట ప్రాణాన్ని కాపాడేది అదొక్కటే.

నిర్ణయం ఎప్పుడన్నది కూడా ముందే రాసుకోండి. పెళ్లికి నాలుగు రోజుల ముందు సాయంత్రం వాతావరణశాఖ సూచన చూసి, అల్పపీడనం అన్న మాట ఉంటే ఆరోజే హాలుకు మార్చేయాలి. పెళ్లినాడు పొద్దున ఆకాశం చూసి తేల్చుకుందామంటే అలంకరణవాళ్లకు పూలు మార్చే సమయం కూడా ఉండదు. దూరం చుట్టాల్ని, మరీ ముఖ్యంగా అయ్యవారిని, తాళి తెచ్చేవాళ్లను ఒకరోజు ముందే రప్పించండి.

కల్యాణ మండపం మాట్లాడుకునేటప్పుడు అద్దె కాక ఏమేమి అడగాలి? – ఓ జంట, సింగరాయకొండ

మొదటి ప్రశ్న: మీ రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది? చాలాచోట్ల పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు వరకు ఒక అద్దె. తెల్లవారుజామున పెళ్లి అయితే తలంబ్రాలు పోసుకునే వేళకు రెండో రోజు అద్దె మొదలవుతుంది, టిఫిన్ల వేళకు ఇంకో పెళ్లివాళ్లు సామాన్లు దింపుతుంటారు. మధ్యాహ్నం పన్నెండు వరకు మాదే అని రసీదు మీద రాయించుకోండి.

తర్వాత జనరేటర్. ఉందా అని కాదు, ఎంతది అని అడగండి. 62.5 కేవీఏ అంటే దాదాపు 50 కిలోవాట్లు. ఏసీలు ఒక్కొక్కటి ఒకటిన్నర నుంచి రెండు కిలోవాట్లు లాగుతాయి. ఇరవై ఏసీలు, స్టేజీ లైట్లు, వంటింటి గ్రైండర్లు, నీళ్ల మోటారు అన్నీ కలిస్తే అది నిండిపోతుంది. ముప్పాతిక భారంతో నడిస్తే గంటకు 10–12 లీటర్ల డీజిల్. ఆ ఖర్చు ఎవరిది, ముందే ఎన్ని లీటర్లు పోసి ఉంచుతారు అన్నది తేల్చుకోండి. ఇంకా, రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు, డీజే పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. మూసిన హాలు లోపల లోపలివాళ్లకు వినిపించే వరకు పర్వాలేదు. ఊరేగింపు ఉంటే పదిలోపు విడిదికి చేరాలి.

అమ్మాయి వాళ్లది మార్కాపురం, పెళ్లి కావలిలో. అక్కణ్ణించి రెండు బస్సులు. ఎన్నింటికి బయల్దేరాలి? – ఓ పాఠకుడు, కావలి

పొదిలి, చీమకుర్తి, ఒంగోలు మీదుగా సుమారు 160 కిలోమీటర్లు. కారులో మూడు గంటలు, పెళ్లిబస్సుకు నాలుగున్నర. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు వరసగా ఉంటాయి, దాటడం అంత తేలిక కాదు. దారిలో ఒకచోట దిగడానికి అరగంట. రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. మధ్యాహ్నం భోంచేసి ఒంటిగంటకు కదిలితే ఆరింటికల్లా విడిదిలో ఉంటారు. ప్రతి బస్సుకూ తలలు లెక్కపెట్టే మనిషి ఒకరు, వాళ్ల చేతిలో పేర్ల చిట్టా. తిరుగు ప్రయాణానికి ముందు డ్రైవర్‌కు ఆరు గంటల నిద్ర దొరికేలా గదీ మంచమూ మీరే ఇప్పించండి. తాళి, మెట్టెలు, మధుపర్కాలు, తలంబ్రాల బియ్యం బస్సు సామాన్లలో వేయకండి. కారులో ముందు వచ్చే మేనమామ ఒళ్లోనే ఉండాలి.

పాత నగలు మార్చి తాళిబొట్లు, గొలుసు చేయిస్తున్నాం. మోసపోకుండా ఏం చూసుకోవాలి? – ఓ పాఠకురాలు, ఆత్మకూరు

పాతవి కరిగించే ముందు రాళ్లు, లక్క తీయించి నికరబరువు మీ ఎదుటే తూయించండి, కరిగాక ఇంకోసారి. కొత్త గొలుసు మీద హాల్‌మార్క్ ముద్రతో పాటు అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉన్న గుర్తు ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరింటినీ కొడితే నగ ఏమిటో, ఎంత స్వచ్ఛమో కనిపిస్తుంది. రెండు గ్రాములలోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి చిన్న తాళిబొట్టు మీద ముద్ర లేకపోతే కంగారుపడకండి, బిల్లులో 916 అని, బరువు ఎంతని విడిగా రాయించుకోండి. తాళి పెళ్లికి పదిరోజుల ముందే ఇంటికి రావాలి. రెండు బొట్లూ తాడులోకి ఎక్కుతున్నాయో లేదో పసుపుతాడు గుచ్చి చూడండి. పసుపు పూసిన తాడు లావెక్కి కన్నంలో దూరకపోవడం పీటల మీద తరచూ జరిగేదే.

అమ్మాయికీ అబ్బాయికీ వచ్చిన కానుకలకు వేరువేరు జాబితాలు రాసుకోండి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి, సంతకాలు పెట్టాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు అడుగుతున్నాయి. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు ఎవరివన్న ప్రశ్న ముందుముందు వస్తే ఆ కాగితం అమ్మాయికి అండ.

తలంబ్రాలకు థర్మకోల్ గుండ్లు, మెరుపులు కలుపుతామని అలంకరణవాళ్లు అంటున్నారు. పట్టుచీరకు పసుపు మరకలు కావని చెబుతున్నారు. – ఓ పాఠకురాలు, కందుకూరు

వద్దండి. గుండ్లు నేలమీద జారతాయి, మెరుపులు కళ్లలో పడతాయి, పక్కనే హోమం ఉంటే థర్మకోల్ మండి నల్లటి పొగ వస్తుంది. మూడు కిలోల బియ్యం, వంద గ్రాముల పసుపు, రెండు చెంచాల నెయ్యి చాలు, ఇద్దరూ తనివితీరా పోసుకోవచ్చు. పసుపు తడిగా ఉంటేనే చీరకు పట్టుకుంటుంది, కాబట్టి ముందురోజు కలిపి నీడన ఆరబెట్టండి. మరక పడితే సబ్బు రుద్దకండి, సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడి ఇంకా కనబడుతుంది. పొడిగా దులిపి, డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు ఇది పసుపు అని చెప్పండి. నూలు మధుపర్కాలైతే ఉతికి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది.

పెళ్లి రిజిస్ట్రేషన్ ముందు చేయించాలా, తర్వాతా? వీసాకు కావాలి. – ఓ జంట, గిద్దలూరు

ఇద్దరూ హిందువులై శాస్త్రోక్తంగా చేసుకుంటే పెళ్లి అయ్యాకే. శుభలేఖ, తాళి కట్టే ఫోటో, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, ముగ్గురు సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. శుభలేఖలో పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే అక్షరక్రమంతో అచ్చు వేయించండి. ముద్దుపేరు వేయించి తర్వాత అఫిడవిట్ల చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది. మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

పెళ్లినాడు మా ఇద్దరికీ ఫోన్లు వస్తూనే ఉంటాయేమోనని బెంగ. ఎవరికి ఏ పని అప్పజెప్పాలి? – ఓ జంట, బుచ్చిరెడ్డిపాళెం

మీ ఫోన్లు ముందురోజు రాత్రే ఇంకొకరికి ఇచ్చేయండి. ఆరుగురు మనుషులు చాలు: అయ్యవారి సామగ్రికి ఒకరు, వంటకూ నీళ్లకూ ఒకరు, బస్సులూ గదులకు ఒకరు, ఫోటో, మేళం, లైటింగ్‌వాళ్లకు ఒకరు, నగలూ చీరలూ ఉన్న గది తాళంచెవికి ఒకరు, డబ్బు చెల్లింపులకు ఒకరు. పని చేయగలిగినవాళ్లను పెట్టండి, గౌరవం కోసం పెట్టకండి. పీటల మీద కూర్చునే అమ్మానాన్నలకు ఏ పనీ ఇవ్వకూడదు, వాళ్లు మూడు గంటలు లేవలేరు. ఆరుగురి పేర్లు, నంబర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపు మీద, విడిదిలో, ఆఫీసు గదిలో అంటించండి.

చదివింపుల బల్ల దగ్గర ఇద్దరుండాలి, ఒకరు రాయడానికి, ఒకరు కవరు తీసి లెక్క చెప్పడానికి. ఇరువైపులవాళ్లకూ వేరు పుస్తకాలు. గంటకోసారి డబ్బు గదిలోకి వెళ్లిపోవాలి, బల్ల సొరుగులో సాయంత్రం దాకా ఉంచకండి. ఊరిపేరు, ఇంటిపేరు కూడా రాయించండి. ఒకే పేరున్నవాళ్లు నలుగురుంటారు, రేపు వాళ్లింట్లో శుభకార్యానికి తిరిగి పెట్టాల్సినప్పుడు ఆ పుస్తకమే తీసి చూస్తారు.